తప్పంతా వాసుదేవ శెట్టిదే

కర్ణాటకలోని తెలుగు ఊరు బాగేపల్లి బజారులో తాళ్ళు, తట్టలు అమ్మే వాసుదేవ శెట్టికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఊళ్ళో ఏ తప్పు జరిగినా అది తనదే అంటాడు.

దీనివల్ల ఆయన భార్య కాంచనమ్మకు కడుపునిండా పోట్లాడే యోగమే లేకుండా పోయింది. కోడలు పాలు పొంగబెట్టిందనుకోండి. అత్త నోరు తెరిచేలోగా అంగట్లోంచి గొంతు వినబడేది.

"తప్పు నాదే."

"మీరు అంగట్లో ఉండారు. పాలు ఇంట్లో పొంగినాయి. మీదెట్లయితాది?"

"నేను పిలిస్తి. ఆ పిల్ల ఇట్ల తిరిగె."

పిలవనే లేదు.

చింతామణి బస్సు చెడిపోతే, "పొద్దున దానికి ఎదురొస్తినప్పా, నా మొగం అట్లాంటిది" అని డ్రైవరుకు సంజాయిషీ చెప్పుకున్నాడు. వాన రాని ఏడాది రైతులే ఆయనకు ఎదురుపడడానికి మొగమాటపడ్డారు.

డెబ్బై ఎనిమిదిలో ఒక సోమవారం, బెంగళూరు కాంట్రాక్టరొకడు తన తెల్ల అంబాసిడరును శెనక్కాయల తోపుడుబండ్లు నిలిచే చోటే ఆపి కాఫీకి పోయాడు. ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి బతికేవాళ్ళ జాగా అది. కారున్నవాడు ఎవరినీ అడగనక్కర్లేదు కదా. శెనక్కాయలమ్మే తిమ్మక్క మంచినీళ్ళకు పోయి వచ్చేలోగా, మిట్టన నిలిపిన ఆమె బండి పల్లానికి దొర్లి కారు తలుపును సొట్ట చేసింది.

కాంట్రాక్టరు వచ్చి కన్నడంలో ఎగిరాడు. బండిని స్టేషనుకు తోలమని పోలీసు బయ్యప్పకు హుకుం జారీ చేశాడు. ఆ బండి పోతే తిమ్మక్క ఇంట్లో పొయ్యి వెలగదు.

"చక్రం కింద రాయి పెట్టే పోయినా సామీ," అంది తిమ్మక్క.

"యాడుండాది రాయి? చూపించు," అన్నాడు బయ్యప్ప.

రాయి కనబడలేదు. వాసుదేవ శెట్టి అంగడి దిగాడు. కాంచనమ్మ తల పట్టుకుంది.

"రాయి తీసింది నేను. తప్పు నాదే."

"నువ్వు ఊరుకోప్పా," అని బయ్యప్ప శెట్టిని ఆపి, కాంట్రాక్టరుకు కన్నడంలో చెప్పాడు, వాన రాకపోయినా ఈయన అదే మాటంటాడని, లెక్కపెట్టవద్దని.

"యార తప్పు ఇదు?" ఎవరి తప్పని కాంట్రాక్టరు గద్దించాడు.

కన్నడంలో 'నాది' అంటే 'నందు'. శెట్టి గొంతు సవరించుకుని, చేతులు జోడించి, ఆ కన్నడానికి తెలుగు తోక తగిలించాడు.

"తప్పు నంది, స్వామీ."

కాంట్రాక్టరు నుదుటి నిండా విభూతి. ఆయన చూపు మెల్లగా పక్కకు తిరిగింది. కారు వెనకే, గుడికి వదిలిన ఎద్దు నిలబడి అరటితొక్క నములుతోంది.

"బసవణ్ణనా?" అన్నాడు గొంతు తగ్గించి.

ఈగ వాలిందేమో, ఎద్దు తల ఊపింది.

కాంట్రాక్టరు లెంపలేసుకున్నాడు. సోమవారం పూట సాక్షాత్తూ నందీశ్వరుడు ముట్టిన కారు. సొట్టకు కుంకుమబొట్టు పెట్టించుకుని, తృప్తిగా చిక్కబళ్ళాపురం దోవ పట్టాడు. తిమ్మక్క తన బండిని మళ్ళీ మిట్టకు తోసుకుంది. బయ్యప్ప తనే ఒక రాయి వెదికి తెచ్చి చక్రం కింద పెట్టాడు.

సాయంత్రం కాంచనమ్మ మొగుణ్ణి నిలదీసింది.

"తుమకూరు వ్యాపారులతో గడగడ కన్నడం మాట్లాడతారే. ఈ పొద్దు నాలుక మడతబడిందేమి?"

"నందు అంటే ఎవరు నమ్ముతారే? బయ్యప్ప ముందే చెప్పేసె గదా." శెట్టి తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. "రేపు ఆ ఎద్దుకు రోంత బెల్లం పెట్టు. చెయ్యని తప్పు మోసె, పాపం."

కాంచనమ్మ లోపలికి పోయి బెల్లం తెచ్చింది. మొదటి ముక్క ఆయన నోట్లోనే పెట్టింది.