బావ వేయించిన ఇంజనే నాకూ

అమరావతి అమరేశ్వరుడి వైపు తిరిగి, చెప్పులు కూడా విడిచి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, మా అద్దంకి వైపు సొంత లారీ ఉన్న కుర్రాడికి కొత్త పెళ్ళికొడుకు హోదా ఉండేది. నాకూ ఉండేది ఒకటి, మా మేనమామ వదిలేసిన పాత పెట్రోలు లారీ. మూతి ముందుకు పొడుచుకొచ్చి, అలిగిన ముసలాయనలా కనిపించేది. లాగుడులో దానికి తిరుగులేదు, తాగుడులోనూ అంతే. (పెట్రోలు బంకువాడు నన్ను చూస్తే లేచి కుర్చీ వేసేవాడు.)

మా అక్క మొగుడు, అంటే బావ, సరిగ్గా అలాంటి లారీకే డీజిలు ఇంజను వేయించాడు. ఇక అక్క నాకు అన్నం వడ్డించినప్పుడల్లా, "మీ బావ బండికి డీజిలు వాసన చూపిస్తే చాల్రా, గుంటూరు వెళ్ళొచ్చేస్తుంది!" అనేది. నేను పెరుగు వేసుకోకుండానే లేచిపోయేవాణ్ణి. బావేమో పత్తి కుక్కిన గోనె బోరేలు మేడంత ఎత్తున కట్టుకుని, పని లేకపోయినా మా వీధిలోంచే పోయేవాడు. మోసేది దూదేనని నా కళ్ళకు తెలుసు. కడుపుమంటకే తెలియలేదు.

ఇంతలో మా మిర్చి షావుకారు ఒక మాటన్నాడు. "నీ పెట్రోలు తాగుడు భరించలేనబ్బాయ్. డీజిలు వేయించావా, సీజను లోడ్లన్నీ నీవే. లేదంటే మీ బావని పిలుస్తా." ఇంకెవర్ని పిలుస్తానన్నా సరేలే అనుకునేవాణ్ణి. బావనా!

పరుగున ఒంగోలు వెళ్ళాను. మెకానిక్ రెండు ఇంజన్లు చూపించాడు. "ఇది పెద్దది, కొండనైనా లాగుద్ది, కాస్త తాగుద్ది. అది చిన్నది, చుక్క చుక్క తాగుద్ది, బరువు మాత్రం అడగబాక. నీకు లాగుడు కావాలా, మైలేజీ కావాలా?"

"రెండూ కావాలి."

"అయితే రెండు లారీలు కొనుక్కో."

"మా బావ ఏది వేయించాడు?"

"చిన్నది. ఆయనది పత్తి లోడు కదా..."

తక్కిన మాట నేను వినలేదు. "అదే బిగించు," అన్నాను.

మొదటి లోడు నిండా టిక్కీలు, అంటే మిరపకాయలు దట్టించిన గోనె బస్తాలు. సాగర్ కాలువ వంతెన ఎత్తు దగ్గర ఇంజను ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. పైన కూర్చున్న ముఠా కూలీలు దిగి వెనకనుంచి నెట్టారు. మిరప ఘాటుకు అందరూ ఒకేసారి తుమ్మారు. లారీ జానెడు ముందుకు కదిలింది! "అన్నా, మళ్ళీ తుమ్మండి!" అని బతిమాలాను. అలా తుమ్ముకో జానెడు చొప్పున సగం ఎత్తు ఎక్కించారు. తర్వాత వాళ్ళ తుమ్ములు అయిపోయాయి.

సరిగ్గా అప్పుడే, ఖాళీ బండితో బావ.

"ఏరా బామ్మర్దీ, మైలేజీ ఎట్టా ఉంది?"

"చుక్క కూడా తాగట్లేదు బావా," అన్నాను. నిలబడ్డ బండి ఏం తాగుతుంది?

సగం టిక్కీలు ఆయన బండిలోకి మారాయి. రెండు లారీలూ ఒకదాని వెనక ఒకటి గుంటూరు యార్డులోకి వెళ్ళడం షావుకారు చూశాడు. "బాగుందయ్యా, ఇక ఈ సీజనంతా ఇట్టాగే సగం సగం తోలండి," అనేశాడు. నా సీజను సగం, నా ఎదుటే, బావదైపోయింది.

ఆ సాయంత్రం టీ తాగుతూ బావ నా భుజం మీద చెయ్యేశాడు. "ఒరేయ్, నీ పాత ఇంజను లోడుతో ఆ వంతెన ఎక్కుతుంటే చూసి ఎంత కుళ్ళుకునేవాణ్ణో తెలుసా? దాన్ని పీకించి నా కడుపు చల్లబరిచావు."

ఒట్టేశాను కాబట్టి ఒప్పుకోవాలి. తుమ్ములు నిజం, వంతెన నిజం. బావ అన్న ఈ ఆఖరి మాట ఒక్కటే నేను కల్పించింది. ఆయన టీ తాగి, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడంతే. ఎప్పటికైనా అంటాడేమోనని ఇప్పటికీ వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా లారీల కబురు ఎత్తుతాను. ఆయనేమో తన మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతాడు. నాకూ మొదలయ్యాయని అంటే, అక్క నవ్వి, "మీ బావ నొప్పుల ముందు నీవెంతరా!" అంటుంది.