నాగదుర్గారావు బాబాయి కన్ను పరీక్ష

మా నాగదుర్గారావు బాబాయి ఎవరినైనా ముందు కళ్ళలోకి చూసిగానీ పలకరించడు. కొల్లేటి పక్క చేపల చెరువుల మీద పెరిగిన మనిషి. కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తుంటే చేప తాజా, మసకబారి లోపలికి పోతే నిలవ. ఆ లెక్కే మనుషులకూ వాడేస్తాడు.

మా అక్క పెళ్ళిచూపుల్లో అదే జరిగింది. పెళ్ళికొడుకు నిరంజన్ చేతికి కాఫీ ఇంకా అందనేలేదు. బాబాయి వంగి అతని కళ్ళలోకి చూసి, "ఇది నిలవండీ. రెండు రోజులదైనా అయ్యుంటుంది" అన్నాడు. పెళ్ళివారు తెల్లబోయారు. మా పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. బాబాయి మాత్రం రెండు రాత్రులుగా నిద్రలేని ఆ కుర్రాణ్ణి లోపలి గదికి తీసుకెళ్ళి, ఫ్యాను వేసి పడుకోబెట్టాడు. ఇప్పుడు మా బావ ఆ నిరంజనే.

ఇక నా సంగతి. వెబ్ సిరీస్ వాళ్ళెవరో నటీనటుల ఫోటోలు అడిగారు. మొహం దగ్గరగా ఉండాలట, మేకప్ తక్కువట, కళ్ళు మాట్లాడాలట. మర్నాడు సాయంత్రంలోగా పంపాలి. తాడేపల్లిగూడెంలో నాటకాలు వేసినప్పుడు నాకు బెదురే లేదు. కెమెరా ముందు మాత్రం కొయ్యబారిపోతాను. ఇప్పటిదాకా పంపిన ఫోటోలకు ఒక్క పిలుపూ రాలేదు. ఇదీ పోతే నాన్న మాట విని చేపల మేత కొట్లో కూర్చోవాలి.

తెల్లారేసరికి బాబాయి థర్మాకోల్ పెట్టె నిండా ఐసుతో దిగాడు.

"మొహం పెట్టమ్మా, మమతా."

"ఎందుకు బాబాయ్?"

"ఫోటోకు ఏలూరు దాకా వెళ్ళాలి కదా. ఐసు లేకుండా సరుకు కదులుతుందా?"

నిద్రలేక వాచిన కళ్ళు తగ్గుతాయేమోనని పెట్టాను. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. అద్దం చూసుకుంటే ఏడుపొచ్చింది.

"మొప్పలు ఎర్రగా ఉంటే తాజా చేపేనమ్మా" అని ధైర్యం చెప్పాడు బాబాయి.

ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని తనూ ఆటో ఎక్కాడు. దారి పొడుగునా నేను బొట్టు పెట్టుకోవడం, తీసేయడం, మళ్ళీ పెట్టుకోవడం.

ఏలూరులో స్టూడియో లిడియా గారిది. నన్ను లైట్ల మధ్య కూర్చోబెట్టారు. "నవ్వండి" అంటే పళ్ళు బయటపడ్డాయి. "వద్దులెండి, మామూలుగా ఉండండి" అంటే మామూలుగా ఎలా ఉంటానో మర్చిపోయాను. ప్రతి ఫోటో తెర మీద పడగానే వెనక నుంచి బాబాయి తీర్పు.

"నిలవ."

ఇంకొకటి.

"ఇదీ నిలవేనండీ."

"మేడం, ముందు ఆయన్ని బయట కూర్చోబెట్టండి!" అన్నాను.

లిడియా గారు కెమెరా దించారు. "మా అమ్మ చనిపోయిన నెలలో కూడా నేను నవ్వుతూనే స్టూడియో తెరిచానండీ. ఎవరూ ఏమీ అడగలేదు. మా వీధిలో చేపలు అమ్మడానికొచ్చిన ఈయన మాత్రం, 'కన్ను నిలవ పడిందమ్మా, అన్నం తిన్నావా?' అన్నారు. వారం పాటు మా ఇంటికి పులుసు గిన్నె వచ్చింది."

నిరంజన్ బావకు వేసిన ఫ్యాను గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో బాబాయి కళ్ళలోకి చూసినవాళ్ళెవరూ లేరేమో అనిపించి, నేను చూశాను. ఎర్రగా, లోపలికి పోయి ఉన్నాయి.

"బాబాయ్! మీదీ నిలవే! నిద్రపోలేదా?"

ఆయన గతుక్కుమన్నాడు. "ఇయ్యాల మన చెరువు పట్టుబడి, చేపలు తీసే రోజు కదమ్మా. నువ్వొక్కదానివే వెళ్తే బెదిరిపోతావని రేపటికి మార్పించాను. వలవాళ్ళు ఒప్పుకుంటేనా! వాళ్ళని బతిమాలేసరికే తెల్లారింది..."

అంటూనే పెట్టె తెరిచి, రెండు ఐసు ముక్కలు తీసి కళ్ళకు అదుముకున్నాడు. నీళ్ళు మీసాల మీదుగా చొక్కాలోకి కారుతున్నాయి. "ఇప్పుడు చూడమ్మా, తేరుకున్నానా?" అని అడిగాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఎప్పుడు నొక్కారో తెలియదు, లిడియా గారు కెమెరా నొక్కేశారు.

సాయంత్రం ఆ ఫోటోనే పంపాం. నాలుగు రోజులకు ఆడిషన్‌కు రమ్మని ఫోన్ వచ్చింది. పరుగున వెళ్ళి బాబాయి చేతిలో ఫోటో పెట్టాను. వెలుతురుకేసి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"కన్ను తాజాయేనమ్మా" అన్నాడు. "మొప్పల ఎరుపే ఫోటోలో పడలేదు."