మరక వద్దు

ఇన్నేళ్లూ నేను ఒక కాగితం ముక్క బరువు మోశాను. అరచేతిలో సగం కూడా ఉండదది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, గాజువాక దగ్గర ఒక షెడ్డులో బొమ్మలకు రంగులు వేసేవాళ్లం. బొటనవేలంత లోహపు గుర్రపు రౌతులు. తల నుంచి కాలిదాకా తెల్ల కవచం. ఓడెక్కి పరదేశం పోయేవి. తెలుపు వెయ్యడం కష్టం. చిక్కగా వేస్తే గోడకు సున్నం కొట్టినట్టుంటుంది. పల్చగా నాలుగైదు పూతలు, ఒకటి ఆరాక ఒకటి వెయ్యాలి. ఆపైన కొన్నిటికి మరకలు వెయ్యాలి, యుద్ధంలో నలిగినట్టు. గోధుమరంగును టర్పెంటైన్‌లో కలిపి అతుకుల్లోకి పారించి, పైపైన దూదిపుల్లతో తుడవాలి. స్పాంజి ముక్కతో అంచులకు తుప్పు అద్దాలి. ఆ పని నాకు ఎవరూ నేర్పలేదు. పోర్టు పక్కన పెరిగినదాన్ని. ఖనిజం దుమ్ము తెల్లబట్ట మడతల్లో ఎక్కడ చేరుతుందో ఉతికి ఉతికి తెలుసుకున్నదాన్ని.

ట్రేకొక చీటీ ఉండేది. 'మరక వెయ్యి', లేకపోతే 'మరక వద్దు'. కొందరు కొనుక్కున్నాక తామే మరకలు వేసుకుంటారట. నాకు చదువు రాదు. పనిలో చేరేటప్పుడు వచ్చని చెప్పాను. ఆ సంగతి మా బల్లకు పెద్దయిన సువార్తమ్మ అప్ప ఒక్కదానికే తెలుసు. అక్కను మేం అప్ప అంటాం. ట్రేలు పంచేది, చీటీలు పెట్టేది ఆమే. పొద్దున్నే నా పక్కన కూర్చుని, పాట పాడుకుంటున్నట్టు చీటీ చదివేది. ఎవరికీ అనుమానం రాలేదు.

ఒకరోజు అప్ప ఆసుపత్రి పనిమీద మధ్యాహ్నం వస్తానంది. ముందురోజు సాయంత్రమే ట్రే, చీటీ నా ముందు పెట్టి వెళ్లింది. చదవడం మరిచిపోయింది. పొద్దున చీటీ చూశాను. మొదటి మాట ఆకారం నాకు తెలిసిందే. రెండో మాట 'వెయ్యి' లాగే మొదలైంది. అంతకు ముందు నెలంతా నాకు మరకల ట్రేలే వచ్చాయి. ఇదీ అదే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అడగడానికి సిగ్గుపడి, అనుకున్నట్టు నటించానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

అన్నం వేళకు అప్ప వచ్చింది. ట్రే చూసింది. చీటీ చూసింది.

"ఏటి సేసేవే? వద్దనుందే ఇందులో!" అంది గుసగుసగా.

తెల్లటి రంగులోకి దిగిన గోధుమరంగు ఎంత తుడిచినా పసుపు జీర మిగులుతుంది. ట్రే మొత్తం పాడైంది. అంతలో సూపర్‌వైజర్ చెప్పుల చప్పుడు. నా చెయ్యి దానంతటదే కదిలింది అని చెప్పబోయాను. కాదు. నేనే కదిపాను. ఆ చీటీతో కుంచె తుడిచాను. అక్షరాలు మునిగిపోయేదాకా తుడిచి, ఉండ చేసి, రంగుగుడ్డల డబ్బాలో వేశాను. అప్ప చూస్తూనే ఉంది.

"ఇదేంటమ్మా, గుర్రాల్ని బురదలో దొర్లించారా?" అన్నాడాయన.

"హార్బర్‌కి తిప్పుకొచ్చినాం బాబూ!" అని పక్కబల్ల నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మరకలు ఎవరు వెయ్యమన్నారు? చీటీ ఏది?"

"సీటీ లేదు బాబూ. నిన్న ట్రే ఇస్తా అప్పే ఎయ్యమంది" అన్నాను నేను.

అప్ప నావైపు చూసింది. 'దానికి చదువు రాదు బాబూ' అంటే చాలు, తను బయటపడేది. నేను పని పోయి వాకిట్లో ఉండేదాన్ని. ఆ మాట కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"అవును బాబూ. నానే సెప్పినాను. సీటీ పెట్టడం మర్సిపోనాను."

సాయంత్రానికి ఆమెను పనిలోంచి పంపేశారు. ఆ తర్వాత ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యలు ఒలిచే పనికి కుదిరిందని విన్నాను. వెంట్రుకంత గీత వణక్కుండా గీసే వేళ్లవి. అవి ఐసులో.

ఆమె స్థానం నాకిచ్చారు. చీటీలు పంచాల్సింది ఇక నేనే. ఆ భయంతోనే చదువుకు వెళ్లాను, నలభై దాటాక, మా వీధి చర్చి వరండాలో పెద్దవాళ్లకు చెప్పే తరగతికి. గుణింతాలు అయ్యాక ఒత్తులు వచ్చాయి. టీచరమ్మ బోర్డు మీద 'వద్దు' అని రాసింది. ద కింద ద ఒత్తు. దానికీ 'వెయ్యి'కీ పోలికే లేదు. ఒక్క వ తప్ప. నా చేతిలో బలపం కదల్లేదు. కంట్లో నలుసు పడిందని టీచరమ్మకు చెప్పాను. మళ్లీ అబద్ధమే.

తర్వాత ఒక్కసారే అప్ప బస్‌స్టాపులో కనిపించింది. చదువు నేర్చుకున్నానట కదా అని సంతోషపడింది. వేళ్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి. చెప్పాలని నోరు తెరిచాను. బస్సొచ్చింది. ఆ బస్సు నాది కాదు. అయినా ఎక్కేశాను.

పాడైన రౌతుల్లో ఒకటి నా దగ్గరుంది. ఈరోజు ఒక చీటీ రాసి దాని కింద పెట్టాను. చాలాసేపు పట్టింది, నా రాత ఇంకా వంకరే.

'చీటీ ఉంది. వద్దు అనే ఉంది. అప్ప వెయ్యమనలేదు.'