అప్ప మానేసిన మామిడికాయ

పాసయ్యాను! నిన్న పొద్దున మా అమ్మాయి ఫోన్‌లో నా హాల్‌టికెట్ నంబరు కొట్టి చూసి చెప్పింది మొదలు ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు వలిచి పెడుతూ, యాభై దాటాక దూరవిద్యలో బీఏ. మా ఇంట్లో డిగ్రీ అన్నది నాతోనే మొదలు. అన్నిటికన్నా కష్టపడింది ఫిలాసఫీ పేపరుకి. నమ్మకం సాయం లేకుండా, ఉత్త తర్కంతో దేవుడున్నాడని రుజువు చేయగలమా అని అడిగారు. నవ్వొచ్చింది. ఆ పరీక్ష నేను పదేళ్ళప్పుడే పెట్టాను మరి.

పెదబయలు పైన కొండల్లో మా ఊరు. మామిడి కొత్త పండగ చేసి, కొండదేవుడికి పెట్టేదాకా ఎవరూ కాయ కొరకరు. కొరికితే పులి ఎదురొస్తుందనేవారు. మా అప్ప, అంటే అక్క, నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, ఆ మాటను ఎండని, వానని నమ్మినట్టే నమ్మేది. పొయ్యి దగ్గర, చేలో, ఆ దేవుడితో పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేది, వాన ఆలస్యమైతే తిట్టేది కూడా. నాకు ఒళ్ళు మండేది. నాతో అన్ని మాటలు ఎప్పుడైనా ఆడిందా?

అందుకే ఆయన లేడని తేల్చేయాలనుకున్నాను. పండగకి వారం ముందు ఒక పచ్చికాయ ఉప్పుతో తినేశాను. ఉంటే శిక్షించాలి, శిక్షించకపోతే లేనట్టే. మూడు రోజులు చూశాను. పులి కాదు కదా, కడుపునొప్పి కూడా రాలేదు. పరుగున వెళ్ళి అప్పకి చెప్పాను, దేవుడు లేడని. అప్ప తిట్టలేదు. పండగనాడు అందరూ తింటుంటే తన ముక్కలు నా ఆకులో వేసింది. ఆ ఏడు కాయ గాని, పండు గాని ముట్టనే లేదు. ఎందుకని ఏడిపించి ఏడిపించి అడిగితే అప్పుడంది:

"నిన్నొగ్గెయ్యమని మొక్కుకున్నాను గుంటా. నీ బదులు నాను తిననని సెప్పినాను."

నా పరీక్ష కాస్తా మట్టిలో కలిసిపోయింది. దేవుడు లేక బతికిపోయానా, ఉండి అప్ప మాట విన్నాడా? ఎలా తేల్చను? పైగా విన్నాడంటే ఆమె మాటే విన్నాడు. ఆ కడుపుమంట నాకు ఇన్నేళ్ళూ చల్లారలేదు.

నిన్న మధ్యాహ్నం ఆటో ఎక్కి, జిలేబీ పట్టుకుని మా ఊళ్ళో అప్ప దగ్గరికే వెళ్ళాను. అరుగు మీద అడ్డాకులు విస్తళ్ళుగా కుడుతోంది. పేపర్లో ఏం రాశానో చెప్పాను. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది కాబట్టి మొట్టమొదటి కారణం ఒకటి ఉండాలని ఒకరంటారు, మరి దానికి కారణమేమిటని ఇంకొకరు అడుగుతారు అని, చేతులు తిప్పుతూ అరగంట చెప్పాను.

"మరైతే ఉన్నాడా, నేడా?"

"తేలలేదప్పా."

"తేలకుండానే పాసు సేసినారేటి!" అని పుల్ల కింద పడేసి మరీ నవ్వింది.

నవ్వుతూనే కొండవైపు తిరిగింది. "ఇన్నావా, మా సెల్లి బీఏ పాసైపోనాది. మా ఇంట్లో ఇదే ముందు. సల్లగా సూడు" అంది. నా కబురు, నా ఎదుటే, నాకన్నా ముద్దుగా చెప్పేసింది. మళ్ళీ అదే మంట, అదే పదేళ్ళ పిల్ల.

ఆ రోజుల్లో పొద్దున్నే అలా కొండతో నాలుగు మాటలు ఆడని ఇల్లు మా ఊళ్ళో ఉండేది కాదు. ఇప్పుడు తారురోడ్డు వచ్చింది, ఇంటింటా టీవీ మోగుతోంది, అలా మాట్లాడేది అప్ప ఒక్కతే. ఆమె లోపలికి వెళ్ళాక నేనూ కొండవైపు తిరిగాను. ఏదో ఒకటి చెప్పాలనే ఉంది. ఏమని పిలవాలో తెలియలేదు.