ముందే బందున్న మోటారు

తొంభైల్లో కరీంనగర్‌లో ఒక కిరాయి గదిలో కూర్చుని సొంతంగా చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ రాసుకునేవాణ్ణి. ప్రాసెసర్‌లో ఫ్లాగుల రిజిస్టర్ అని ఒకటుంటుంది. ఫ్లాగులంటే చిన్న స్విచ్చుల్లాంటివి; అందులో ఒకటి ఆపేస్తే కీబోర్డు, గడియారం ఎంత పిలిచినా ప్రాసెసర్ పలకదు. సున్నితమైన పనికి ముందు దాన్ని ఆపేవాణ్ణి, పని కాగానే మళ్లీ పెట్టేవాణ్ణి. అయినా ఆ దిక్కుమాలిన కెర్నల్ రోజుకు పదిసార్లు కుప్పకూలేది. తప్పంతా మెషీన్‌దేనని దాన్ని తిట్టని తిట్టు లేదు.

ఒక ఆదివారం చొప్పదండి దగ్గరి మా పొలానికి, అమ్మానాన్నల దగ్గరికి పోయాను. మోటారు స్టార్టర్ డబ్బాలో చీమలు చేరాయని అవ్వ చెప్పింది. మోటారు నడుస్తోందో లేదో కూడా చూడకుండా బందు బటన్ నొక్కి, ఫ్యూజులు పీకి, డబ్బా దులిపాను. ఫ్యూజులు పెట్టి అలవాటుగా పచ్చ బటన్ నొక్కి మోటారు చాలు చేశాను.

పొలం అవతలి నుంచి ఒక్క కేక. పగిలిన పైపు అతికించడానికి పొద్దున్నే మోటారు ఆపుకున్న బాపు, నిలువునా తడిసి వచ్చాడు.

“నువ్వొచ్చేసరికే అది బందున్నది గద! ముందుగాల ఎట్లున్నదో జర సూసి, మల్ల అట్లనే ఇడిసిపెట్టాలె. నిన్నెవలు చాలు చెయ్యమన్నరు?”

నా కెర్నల్ చేస్తున్నదీ అదే! ఒక పని కోసం ఫ్లాగు ముందే ఆపి ఉన్నా, మధ్యలో వచ్చిన ఇంకో పని కాగానే చూడకుండా పెట్టేస్తోంది. నాకు నవ్వాగలేదు. బాపుకు కోపం ఇంకా పెరిగింది.

సోమవారం కోడ్ మార్చాను. ముందు ఫ్లాగులు ఎట్లా ఉన్నాయో దాచుకోవడం, పని కాగానే అవి ఎట్లా ఉంటే అట్లానే తిరిగి పెట్టడం. సాయంత్రం దాకా కెర్నల్ ఒక్కసారీ పడలేదు. ఆ లైన్ల మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక హెచ్చరిక రాసిపెట్టాను: “ఇది తీసేస్తే బాపు తడుస్తడు.”