గజ్జెలు తీసేసిన పాట

పాత పాటలను మళ్ళీ క్యాసెట్లుగా, సీడీలుగా వేసే కంపెనీల మీద నాకు ఇప్పటికీ కోపమే. అట్ట మీద "అరవైల నాటి మధుర గీతాలు" అని కనిపిస్తే చాలు, ముందూ వెనకా తిప్పి, ఇందులో ఏం పాడు చేశారో అని వెతుకుతాను. ఈ అనుమానం నాకు పుట్టుకతో రాలేదు. మా నాయన దగ్గర నేర్చుకున్నాను.

నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మా ఇంట్లో ముందు గది మగ్గాలది, వెనక గది మాది. మగ్గాలు ఆడుతున్నంతసేపూ ఒకరి మాట ఒకరికి వినపడదు, గొంతు చించుకోవాలి. అటువంటి ఇంట్లో ఒక రికార్డు ప్లేయరు ఉండేది. పెళ్ళికి ముందు, చీరలకు మంచి గిరాకీ వచ్చిన ఏడాది, నాయన బెంగళూరికి పోయి తెచ్చుకున్నాడట. మూత మూస్తే సూట్‌కేసులాగా ఉండేది. దానితో పాటు కొన్ని చిన్న రికార్డులు, ఒక్కటే ఒక్క పెద్ద రికార్డు. అన్నీ అరవైలలో వచ్చిన సినిమా పాటలే.

పాట వినడానికి నాయనకు ఒక పద్ధతి ఉండేది. మగ్గం ఆడుతుంటే పాట పెట్టకూడదు. పాట మొదలయ్యాక ఎవరూ పని చేయకూడదు. సాయంత్రం నాయన మగ్గం గుంతలో నుంచి లేచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, చాప మీద కూర్చున్నాకే రికార్డు కవరులో నుంచి బయటికి వచ్చేది. "దేవుని ముందర గూడా ఇంతసేపు కూర్చోడు మీ నాయన" అని అమ్మ వంటింట్లో నుంచి అనేది. అంటూనే, తనకు నచ్చిన పాట వస్తే మాత్రం గరిటె పక్కన పెట్టి గడప దగ్గరికి వచ్చి నిలబడేది.

ఆ పెద్ద రికార్డును అమర్చినవాళ్ళెవరో నాకు తెలియదు గానీ, పాటలు తెలిసినవాళ్ళు. మొదటి వైపు హుషారుగా మొదలై, ఒక్కో పాటకూ కాస్త నెమ్మదించి, చివరికి ఒక దిగులు పాట దగ్గర ఆగేది. అది అయ్యాక వెంటనే ఇంకోటి వినబుద్ధి కాదు. సరిగ్గా అప్పుడే రికార్డు తిప్పాల్సి వచ్చేది. నాయన లేచి, సూది పక్కకు పెట్టి, రికార్డును అంచులు మాత్రం పట్టుకుని తిప్పి, మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచేవాడు. ఆ కాస్త విరామం కూడా పాటలో భాగమే అని నా అభిప్రాయం. సీడీకి ఇంకో వైపు లేదు. దిగులు పాట అయీ అవకముందే ఏదో అల్లరి పాట వచ్చి మీద పడుతుంది. ఇదేం మర్యాద?

రెండో వైపు మధ్యలో ఒక పాట ఉంది. మా ఇంట్లో దాన్ని గజ్జెల పాట అనేవాళ్ళం. ఒక్క ఆడగొంతే పాడుతుంది. రెండో చరణం అయ్యాక ఆమె ఆగిపోతుంది, వేణువు చిన్న ముక్క ఒకటి వాయించి అదీ ఆగిపోతుంది. అప్పుడు ఎక్కడో దూరంగా, ఎవరో గడప దాటి లోపలికి పోతున్నట్టు, గజ్జెలు సన్నగా మోగుతాయి. అంతే. మళ్ళీ పల్లవి. ఆ చోటు వచ్చేసరికి నాయన చూపుడువేలు పైకెత్తేవాడు. విను అని చెప్పడం అది. చిన్నప్పుడు నాకు గజ్జెల కంటే ముందు ఆ వేలే కనిపించేది. పెద్దయ్యాక కూడా ఆ పాటలో నేను ఎదురుచూసింది ఆ రెండింటి కోసమే.

తొంభైల మొదట్లో ప్లేయరు సూది అరిగిపోయింది. ధర్మవరంలో అడిగాం, అనంతపురంలో అడిగాం. బెంగళూరు పోయేవాళ్ళందరి చేతా వెతికించాం. ఇప్పుడు రికార్డులు ఎవరు వింటున్నారండీ అని ప్రతిచోటా నవ్వారే తప్ప సూది దొరకలేదు. ప్లేయరు అటక ఎక్కింది. నాయన వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పాటలు తప్ప నాయనకూ నాకూ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు కాబట్టి, ఆ వారం నాకు చాలా కష్టంగా గడిచింది.

అప్పటికే నాకు పెనుకొండలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. ధర్మవరం నుంచి రోజూ ప్యాసింజరులో పోయి వచ్చేదాన్ని. పెనుకొండలో ఎక్కి ఇంటి వైపు కాకుండా ఇంకో వైపు పోతే హిందూపురం. అక్కడ స్టేషనుకు పోయే దారిలో ఒక క్యాసెట్ల అంగడి ఉండేది. అంగడాయన మునుపు రేడియోలు బాగుచేసేవాడు. తెలుగూ కన్నడమూ ఉర్దూ మూడూ ఒకే మాటలో కలిపి మాట్లాడేవాడు. నేను ఆయన్ను భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవాడు. ఆ అంగట్లో నాకు నచ్చిన గుణం ఒకటే. కొనక ముందే పాట పెట్టి వినిపించేవాడు, కొనకపోయినా మొహం మాడ్చుకునేవాడు కాదు.

గజ్జెల పాట ఉన్న మొదటి క్యాసెట్ నాకు అక్కడే దొరికింది. ఆనందంతో అంగట్లో వినకుండానే తీసుకుని ఇంటికి పరిగెత్తాను. నాయన కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. టేపురికార్డరులో పెట్టాను. పాట వచ్చింది, రెండో చరణం అయింది, వేణువు అయింది. నాయన వేలు సగం లేచి ఆగిపోయింది.

"గజ్జెలు యాడ పోయినాయి పాపా?"

నిజమే. దుప్పటి కప్పినట్టు ఏదో గుసగుస వినిపించింది తప్ప గజ్జెలు లేవు. పైగా చివరి చరణం మొత్తం కోసేశారు, క్యాసెట్‌లో చోటు చాలలేదేమో. పాటను చోటుకు సరిపోయేట్టు కత్తిరించేవాళ్ళు రవికెలు కుట్టుకోవచ్చు కదా అని నేను, అట్లనే అని నాయన, ఆ సాయంత్రమంతా కంపెనీని తిట్టుకున్నాం. నిజం చెప్పాలంటే అది మంచి సాయంత్రం. చాలా రోజుల తర్వాత నాయన అంత మాట్లాడాడు.

రెండో క్యాసెట్ కొన్నేళ్ళకు వచ్చింది. అందులో పాత పాటల మీద కొత్త డ్రమ్ములు కలిపారు. ఆ పాటకు డ్రమ్ములేంది? పాడే ఆమె పాపం మెల్లగా తన బాధ తాను చెప్పుకుంటుంటే, వెనక ఎవడో రేకు డబ్బా కొడుతున్నాడు. గజ్జెలు వచ్చే చోట నిశ్శబ్దం ఉండాలి కదా, అక్కడ ఇంకా గట్టిగా కొట్టాడు. నాయన పాట సగంలోనే లేచి పోయాడు. నా ఖర్మ ఏమిటంటే, పెనుకొండలో మా ఆఫీసు ఎదురుగా ఒక కల్యాణ మండపం ఉండేది. పెళ్ళిళ్ళ కాలమంతా వాళ్ళు ఆ క్యాసెట్టే వేసేవాళ్ళు. అంత ఎండలోనూ నేను కిటికీ మూసుకుని కూర్చుంటే, గాలి రావడం లేదు మేడం అని ఆఫీసులో అందరూ నా మీద పడేవాళ్ళు. ఉక్కపోతనైనా ఓర్చుకుంటాను గానీ ఆ డ్రమ్ములు మాత్రం వినలేనని తేల్చి చెప్పాను.

రెండువేల సంవత్సరం దాటాక సీడీలు మా వైపు కూడా వచ్చాయి. నేనొక చిన్న ప్లేయరు కొన్నాను. హిందూపురం భాయ్ ఒక శనివారం, "అమ్మా, మీ నాయన పాట వచ్చిండాది, అసలు టేపులో నుంచి తీసినారంట" అన్నాడు. ఈసారి కూడా వినకుండానే తెచ్చాను. బుద్ధి లేదని మీరనుకోవచ్చు. నాయన పక్కన కూర్చుని వినాల్సిన పాటను అంగట్లో నిలబడి వినడం నాకు ఇష్టం లేదు, అంతే.

పాట పెట్టాం. ఆమె గొంతులో గరగర లేదు, వేణువు పక్కింట్లో వాయించినంత దగ్గరగా ఉంది, చివరి చరణం కూడా ఉంది. ఆ చోటు వచ్చింది. నాయన వేలు లేవలేదు.

"ఇదీ అంతే. పాటంతా ఉండాది, గజ్జెలు మాత్రం తీసేసినారు. వాపసు ఇచ్చేసి రా."

నాకు వినిపించినట్టే అనిపించింది. కానీ ఇన్నేళ్ళు విన్న పాట కదా, లేని గజ్జెలను నా చెవే నింపుకుందేమో అనుకున్నాను. పక్కింట్లో మగ్గం ఒకటి ఇంకా ఆడుతోంది కూడా. అన్నిటికీ మించి, పాట విషయంలో నాయన లేదంటే లేదు. వీధిలో నడుస్తూ ఏ ఇంటి మగ్గంలో ఏది వదులైందో శబ్దాన్ని బట్టి చెప్పే మనిషి. ఆయన చెవిని కాదని నా చెవిని నమ్మడం నాకు తోచనే లేదు.

మరుసటి శనివారం సీడీ తీసుకుపోయి భాయ్ మీద విరుచుకుపడ్డాను. శబ్దం శుభ్రం చేసే పేరుతో మీ కంపెనీవాళ్ళు పాటనే కడిగేశారని అరిచాను. ఆయన సీడీ తీసుకుని అంగట్లో ఉన్న పెద్ద సెట్టులో పెట్టాడు. రెండో చరణం అయింది, వేణువు అయింది.

గజ్జెలు మోగాయి. రోడ్డు మీద ఆటోలు పోతున్నా స్పష్టంగా, రికార్డులో కంటే బాగా మోగాయి.

"ఉండాయి కదమ్మా" అన్నాడు భాయ్. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ మోగాయి. నా మొహం చూసి, "మీ నాయనకేమన్నా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. సీడీని తిరిగి కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. వాపసు మాట ఇద్దరం ఎత్తలేదు.

తిరుగు ప్యాసింజరులో కూర్చున్నాక ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. పొద్దున పాలాయన సైకిల్ బెల్లు కొడుతూ వాకిట్లో నిలబడితే, ఎదురుగా అరుగు మీదున్న నాయన పలకకపోవడం. కుక్కర్ కూత వేయనేలేదని అమ్మతో గొడవ. నేను వెనక నుంచి పిలిస్తే తిరగకపోవడం. గొంతు వినపడుతోంది, తబలా వినపడుతోంది, సన్న శబ్దాలే ముందుగా పోయాయి. బతుకంతా మగ్గం పక్కన పెట్టిన చెవులు మరి. కంపెనీలను అన్నేళ్ళు తిట్టాం. ఈసారి గజ్జెలను తీసేసింది కంపెనీ కాదు.

కిటికీలో పెనుకొండ కొండ వచ్చి పోయింది. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా. ఈ మాట నాయనకు చెబితే ఇక ఆ చాప మీద కూర్చోడని నా భయం. చెవి పోయిందని తెలిస్తే ఆయన పాటను వదిలేస్తాడు. పాటను వదిలేస్తే, సాయంత్రాలు మేమిద్దరం ఏం మాట్లాడుకుంటాం? స్టేషను వచ్చేలోపు ఏం చెప్పాలో నిర్ణయించుకున్నాను.

ఇంటికి పోయేసరికి నాయన కాళ్ళు కడుక్కుని కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నాడమ్మా భాయ్?"

"నువ్వు చెప్పిందే నిజం నాయనా. వాళ్ళ సెట్టులో గూడా గజ్జెలు లేవు. ఇంకో సీడీ తెప్పిస్తానన్నాడు."

అరవడం అలవాటైన ఇల్లు కాబట్టి గట్టిగానే చెప్పాను. నాయన నా వైపు తిరిగాడు.

"పాలాయప్ప బెల్లు గూడా కంపెనీవాళ్ళే తీసేసినారా పాపా?"

వంటింట్లో అమ్మ చేతిలో గిన్నె శబ్దం ఆగిపోయింది.

"చానా దినాలైంది" అన్నాడు నాయన. "మొదటి క్యాసెట్‌లో నిజంగానే లేవు. దీంట్లో ఉండాయేమో, నాకే వినపడలేదేమోనని అనుమానం. ఉంటే ఉన్నాయని నువ్వు చెప్తావేమోనని చూసినా. నువ్వు గూడా లేవంటివి." అంటూ నవ్వాడు, కోపం లేదు. "పెట్టు, విందాం."

పెట్టాను. ఎదురుగా కూర్చున్నాను. నాయన ప్లేయరు వైపు చూడడం లేదు, నా వైపు చూస్తున్నాడు. "నాకు వినపడవు. వచ్చినప్పుడు నువ్వు చెప్పు" అన్నాడు.

మొదటి చరణం అయింది. రెండో చరణం అయింది. ఆమె ఆగింది, వేణువు ఆగింది. నేను చూపుడువేలు పైకెత్తాను. నాయన కళ్ళు మూసుకుని, గజ్జెలు మోగినంతసేపూ తల మెల్లగా ఊపాడు. నేను వేలు దించాక కళ్ళు తెరిచాడు. మళ్ళీ పల్లవి వచ్చింది. చివరి చరణం దాకా ఇద్దరం కదలకుండా విన్నాం.

పాట అయ్యాక, ఎప్పటిలాగే తీర్పు చెప్పాడు.

"మంచి సీడీనే. ఏమీ తీసేయలేదు వీళ్ళు. వాపసు ఇయ్యొద్దులే."