వియ్యపురాలు పట్టుబట్టి మార్పించిన స్టవ్

మా వియ్యపురాలు గారు ఈ నెల మొదట్లో పామర్‌స్టన్ నార్త్ ఆస్పత్రిలో పోయారు. ఊపిరితిత్తుల జబ్బు చాలాకాలంగా ఉన్నదే. మా అమ్మాయి ఇంట్లో ఆమెతో కలిసి కొన్నేళ్ళు గడిపాను. ఉన్నదున్నట్టు రాస్తాను. పొగడ్తలు ఆమెకు గిట్టవు, నాకు రావు.

మా వారు పోయాక అమ్మాయి నన్ను ఇక్కడికి, ఈ చలిదేశానికి తెచ్చుకుంది. అల్లుడింట్లో అత్తగారు శాశ్వతంగా ఉండిపోవడం మా పెద్దల పద్ధతి కాదు. చలికాలం గడవగానే దగ్గర్లో చిన్న ఫ్లాట్ చూసుకుని వెళ్ళిపోతానని వచ్చిన రోజే చెప్పాను. అప్పటిదాకా హాల్లో కూర్చునేదాన్ని కాదు. వంటింటి బల్ల దగ్గర శాలువా కప్పుకుని చదువుకునేదాన్ని.

హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ గూట్లో పాత పెల్లెట్ స్టవ్ ఉండేది. రంపపుపొట్టును అదిమి చేసిన గుళికలే దానికి మేత. గోడలో దూరి ఉండటంతో వేడి ముందుకే వచ్చేది. ఫ్యాను రొద పెట్టేది. గుళికలు ఇరుక్కుని మంట మధ్యలో ఆరిపోయేది. దాని ఎదుట ఒక్క కుర్చీయే పట్టేది, అది ఆమెది. ఉదయాన్నే మనవరాలి సాక్సులు ఒళ్ళో పెట్టుకుని అక్కడే వెచ్చజేసేవారు. పిల్ల ఇంగ్లీషులో థాంక్స్ చెబితే, "తెలుగులో చెప్పు, రెండోది ఇస్తా" అనేవారు.

అక్కడినుంచే నన్ను కేకేసేవారు.

"వదినగారూ, చలి కాచుకోవడానికి కూడా బొట్టు పెట్టి పిలవాలా?"

"నాకు చలి లేదండీ."

"ముక్కు ఎర్రబడింది. అబద్ధమాడినా అతికినట్టుండాలి."

చివరికి ఆ స్టవ్ పూర్తిగా మొరాయించింది. అదే గూట్లో పట్టే కొత్తది పెట్టిస్తే పని త్వరగా అయిపోతుందన్నాడు అల్లుడు. ఆమె ఒప్పుకోలేదు.

"గోడలో దూరేది వద్దురా. విడిగా నేలమీద నిలబడేది తే."

"దానికి కింద పలక వెయ్యాలి, పొగ పోయే పైపు కొత్తగా వెయ్యాలి. లేటవుతుందమ్మా. నీకేమో దగ్గు."

"దగ్గుతాను. నీకేం?"

అన్నట్టే దగ్గుతూ, దుప్పట్లు కప్పుకుని కొత్తది వచ్చేదాకా ఆగారు. ఎందుకింత మొండితనమని కాస్త కటువుగానే అడిగాను.

"గూట్లోదానికి ఒకటే ముఖం. విడిగా ఉంటే పక్కన కూడా కూర్చోవచ్చు. చలేసేవాళ్ళకి మర్యాదలేమిటి వదినగారూ?"

అమర్చే మనిషి వచ్చి ఎక్కడ పెట్టమంటారని అడిగితే, నావైపు చెయ్యి చూపి, "ఆస్క్ హర్" అన్నారు. హాలుకూ వంటింటికీ మధ్య ఉన్న గోడ చూపించాను. ఆ సాయంత్రం తన కుర్చీ ఒక పక్కకు, నాకోసం ఇంకొకటి రెండో పక్కకు వేయించారు. ఫ్లాట్ మాట నేను మళ్ళీ ఎత్తలేదు. ఆమె అడగనూ లేదు.

ఆమె పోయిన రోజు దక్షిణపు గాలి, వాన. ఇక్కడ ఎముకలు కొరికే చలి తెచ్చేది ఆ గాలే. వచ్చినవాళ్ళు కోట్లు విప్పకుండా హాల్లో గోడల వెంట కూర్చున్నారు. మనిషి పోయిన ఇంట్లో ఆ పూట పొయ్యి రాజేయరు. అన్నం పక్కవాళ్ళే తెచ్చారు. ఈ స్టవ్ కూడా పొయ్యి కిందికే వస్తుందేమోనని ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"అది ఇంటివాళ్ళు చెప్పాలమ్మా" అని ఒక పెద్దావిడ గొణిగారు.

అల్లుడు తలెత్తి నన్ను చూశాడు. "అత్తయ్యగారూ, వెలిగించమంటారా?"

పిల్లనిచ్చినవాళ్ళు జవాబు చెప్పాల్సిన ప్రశ్న కాదది.

"దానిమీద మనమేం వండుతున్నాం?" అన్నాను. "వచ్చినవాళ్ళను చలిలో కూర్చోబెట్టడం మనింటి పద్ధతి కాదు."

గుళికలు పోసి నేనే మీట నొక్కాను. కాసేపటికి గాజు వెనక చిన్న మంట లేచింది. ముందు ఆ పెద్దావిడే కుర్చీ జరుపుకున్నారు. తర్వాత ఒక్కొక్కరుగా కోట్లు విప్పి కుర్చీల వీపులమీద వేశారు. తడి కోట్లనుంచి సన్నగా ఆవిరి లేవసాగింది.